గోధుమ రంగు కాదు, మరి ఇదేం రంగు?

తిరుపతిలో మా ఇంటికి పెయింటు వేయిస్తా ఉండాము. టీవీ ఉండే గోడ ఒక్కదానికి ముదురు రంగు కావాలని మా ఆవిడ షేడ్ కార్డులో ఒకటి చూపించింది. ఇటుక కంటే పిసరంత నలుపు, కాఫీపొడి కంటే ఎరుపు. పేరు టెర్రకోటా. పెయింటరు అంగడికి ఫోన్ చేసి "గోధుమ కలరు, డార్కు" అన్నాడు. డబ్బా మూత తీస్తే బిస్కెట్ రంగు! ఆ పిల్లోడిని ఏమనేది? బ్రౌన్ అంటే గోధుమ రంగని నాకూ బడిలో అదే నేర్పించినారు. గోధుమ గింజ యాడ, ఈ రంగు యాడ? దీనికి మనోళ్లు వాడిన మాట ఏదన్నా ఉందా?

చిత్తూరు సభ్యుడు: జేగురు అనండి. కొండల్లో దొరికే ఎర్రమన్ను అది. సంస్కృతంలో గైరికం, గిరి నుంచి వచ్చింది కాబట్టి. ఆ మన్నుకు ఎరుపు ఇచ్చేది ఇనుము తుప్పే. పాత ఇండ్లలో రెడ్ ఆక్సైడ్ గచ్చు గుర్తుందా? కొబ్బరినూనె గుడ్డతో తుడిస్తే మొహం కనపడేది. దాని సరుకూ ఐరన్ ఆక్సైడే. మీ కార్డులోని టెర్రకోటాకు ఇటాలియన్‌లో అర్థం కాల్చిన మన్ను. వాళ్లూ మంటినే చూసి పేరు పెట్టుకున్నారు, మనమేమో మంటిని వదిలేసి గోధుమలు పట్టుకున్నాము.

సంస్కృతం మాస్టారు: అమరకోశంలో ఈ వరసకే "కడారః కపిలః పింగ పిశంగౌ కద్రు పింగలౌ" అని ఆరు మాటలున్నాయి. మీకెన్ని కావాలి?

అడిగినవాడు: మాస్టారూ, పిశంగం రెండు లీటర్లు అంటే అంగడాయన ఫోన్ పెట్టేస్తాడు.

పాలమూరు సభ్యురాలు: మా దిక్కు జాజు అంటం. పండుగకు ఇంటికి సున్నమేసి, కింద జానెడు ఎత్తున జాజు పూస్తం. జేగురు అని మా ఇండ్లల్ల ఎవ్వరనంగ వినలే, పుస్తకాల్ల చూసిన.

శ్రీకాళహస్తి సభ్యురాలు: మా పక్క కావి. గుడి గోడకు తెలుపూ ఎరుపూ పట్టెలు కొడతారే, అందులో ఎర్రది కావి. అరుగు అంచుకూ అదే. కలంకారీ ఎరుపును మాత్రం కావి అనకూడదన్నా. అది మన్ను కాదు. పటిక నీళ్లు రాసినంత మేర, వేర్ల రంగులో ఉడికిస్తే ఎర్రగా తేలేది. చెట్టు ఎరుపు వేరు, మంటి ఎరుపు వేరు.

ఇంకొకరు: కావి అంటే కాషాయం కదండీ, సాధువుల బట్ట? గోడకు ఆరెంజ్ వేస్తారా?

చిత్తూరు సభ్యుడు: ఆరెంజ్ అనేది ఇప్పటి అలవాటు. కాషాయం పుట్టింది కషాయం నుంచి. చెట్ల బెరడులాంటివి ఉడికించిన నీళ్లలో ముంచి తీసిన గుడ్డ. ఆ నీళ్లు యే రంగులో ఉంటాయో మీ ఇంట్లో కషాయం కాచి చూడండి. మాట అట్లే ఉంది, రంగే జారిపోయింది.

తిరుపతి సభ్యుడు: మా ఇంటి ముందరోళ్లు ఎర్రచందనం రంగు అని చెప్పి వేయించుకున్నారు. శేషాచలం కింద ఉండి ఆ పేరు ఎత్తితే పోలీసులొస్తారేమో (తమాషాకే). అయినా ఆ మానుకు చందనం వాసనే ఉండదు, పేరే పెద్దది. మాట సంగతి పక్కన పెడితే అన్నా, ఒక అడుగు మేర పూసి, ఆరినాక చూడండి. సున్నం ఆరితే తేలుతుంది, ఎమల్షన్ ఆరితే ముదురుతుంది. పగలొకసారి, రాత్రి లైటేసి ఒకసారి చూడాల. 6500 కెల్విన్ తెల్ల ట్యూబులైటు కింద ఈ రంగు చచ్చిపోతుంది. 2700 పసుపు బల్బు కింద పెడితే ఇత్తడి కుందికి వెనకాల గోడ ఎట్లుంటుందో అట్లుంటుంది. మిగతా మూడు గోడలూ మీగడ రంగు చాలు, మంచు తెలుపు వద్దు.

అడిగినవాడు: అందరికీ దండాలు. నిన్న పూయించినాము. ట్యూబులైటు కింద ఎండిన కార్జం మాదిరి ఉండింది, నిజమే. బల్బు మార్చినాక సరిపోయింది. మా అవ్వ సాయంత్రం హాల్లోకి వచ్చి గోడను వేలితో రుద్ది, వేలు చూసుకుని, "అరుగుకు పూసే కావి కదరా ఇది, ఇంట్లోకి తెచ్చినారేంది? చేతికి అంటలేదే!" అనింది. ఈ చర్చ సంగతి ఆమెకు తెలీదు, మేమెవరం పేరు చెప్పలేదు. పెయింటరు విని నవ్వి, మిగిలిన అర లీటరు డబ్బా మీద స్కెచ్ పెన్నుతో "కావి, హాలు" అని రాసిపెట్టినాడు.