జూన్ నెలలో రోహ్‌తాంగ్ మంచుపై స్కీయింగ్: ఏ వేళ దిగాలి?

ప్రశ్న (తిరుపతి): ఉత్తరాఖండ్‌లోని స్కీయింగ్ కేంద్రం ఔలీలో శీతాకాలపు ప్రాథమిక శిక్షణ పొందాను. జూన్ మొదట్లో హిమాచల్ ప్రదేశ్‌లో మనాలి దగ్గరున్న రోహ్‌తాంగ్ కనుమ పరిసరాల్లో మిగిలి ఉండే మంచు వాలులపై, గైడు తోడుగా, స్కీలు మోసుకుంటూ ఎక్కి దిగాలని నా కోరిక. ఆ మంచు ఎలా ఉంటుంది? అలిపిరి మెట్లు ఎక్కే సాధన సరిపోతుందా?

జవాబు (చిత్తూరు): వేసవి మంచులో అన్నింటికన్నా ముఖ్యమైనది వేళ. పగలు కరిగి రాత్రి గడ్డకట్టడం పదే పదే జరగడం వల్ల రేణువులు పెద్దవై గుండ్రబడతాయి. తెల్లవారుజామున ఆ పొర స్కీ అంచు పట్టనంత గట్టిగా ఉంటుంది, ఎండ తగిలి పైన రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే మెత్తబడిన కొద్దిసేపే దిగడానికి అనువైనది. తూర్పు వాలు ముందుగా, పడమటి వాలు ఆలస్యంగా మెత్తబడతాయి. బూటు చీలమండ దాటి దిగబడుతుంటే తడి మంచు చరియలుగా జారే ప్రమాదం ఉన్నట్లే, వెంటనే వాలు విడిచిపెట్టండి. రాత్రి మబ్బు పట్టి మంచు సరిగా గడ్డకట్టకపోతే ఆ రోజు ఎక్కకపోవడమే మేలని నా దృఢమైన అభిప్రాయం.

జవాబు (తిరుపతి): మెట్ల సాధన కాళ్లకు ఎంతో మంచిది, మానకండి. అయితే రోహ్‌తాంగ్ ఎత్తు 3,978 మీటర్లు. అక్కడి పలుచని గాలికి శరీరం అలవాటుపడడానికి అది ప్రత్యామ్నాయం కాదు. మనాలిలో ఆగి వెళ్లండి. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటి ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు.

జవాబు (మదనపల్లె): ప్రయాణం శరదృతువుకు వాయిదా వేయకండి. అప్పటికి మిగిలే పాత మంచు చాలావరకు ఐసుగా మారి, రాళ్లు తేలి ఉంటుంది. హిమానీనదాలపై పగుళ్లు కూడా తెరుచుకుంటాయి. జూన్‌లోనైనా హెల్మెట్, ఐస్ యాక్స్, క్రాంపాన్లు (జారకుండా బూట్ల అడుగున తొడిగే ముళ్ల చట్రాలు) తప్పనిసరి.