పాత కారులో గేర్ ఆయిల్: మార్చాలా, కదపకుండా వదిలేయాలా?

పాతబండి_నెల్లూరు
అందరికీ నమస్కారం. నాది 2010 మోడల్ చిన్న పెట్రోల్ కారు, మాన్యువల్ గేర్లు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, మీటరు 1,30,000 కి.మీ. చూపిస్తోంది. పాత ఓనరు బిల్లుల కట్ట మొత్తం ఇచ్చాడు గానీ అందులో గేర్ ఆయిల్ మార్చిన ఆనవాలు ఎక్కడా లేదు. పొద్దున్నే బండి తీయగానే రెండో గేరు మొరాయిస్తుంది, కాస్త వేడెక్కాక మామూలుగానే పడుతుంది. మా వీధి మెకానిక్ "ఇన్నేళ్లు కదపనిది ఇప్పుడు కదపకండి సార్, కొత్త ఆయిల్ పోస్తే గేర్లు జారతాయి" అంటున్నాడు. మా బావమరిదేమో ఈ రోజే మార్చెయ్యమంటాడు. ఎవరి మాట వినాలి?

కరీంనగర్_కాకా
మెకానిక్ మాటే ఇను తమ్ముడూ. మంచిగ నడుస్తున్న బండిని గెలుకుడెందుకు? మా దోస్తు గిట్లనే మస్తు తిరిగిన బండికి ఆయిల్ మార్పిచ్చిండు. కొన్ని నెలలకే గేర్ బాక్సు దింపాల్సొచ్చింది. అంతకుముందు ఒక్క సప్పుడు గూడ లేకుండె. ఇంకోటి, ఏండ్ల తరబడి ఇప్పని నట్టు అంత అల్కగ రాదు. కేసింగ్ అల్యూమినియంది. మరలు పోయినయంటే ఆయిల్ ఖర్చు కాదు, కేసింగ్ ఖర్చు పడతది.

గేర్లరాజు_ఆటోనగర్
కాకా గారూ, నట్టు గురించి మీరన్నది నూటికి నూరు పాళ్లూ నిజం. కానీ ఆ "జారతాయి" అన్న మాట ఆటోమేటిక్ బండ్ల నుంచి వచ్చి వీటికి అంటుకుంది. ఆటోమేటిక్‌లో క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతాయి. అవి అరిగి రాలిన పొడి పాత ఆయిల్‌లో కలిసి ఉంటుంది, అరిగిపోయిన ప్లేట్లకు ఆ పొడే కాస్త పట్టు ఇస్తుందని, శుభ్రమైన ఆయిల్ పోస్తే ఆ పట్టు పోయి జారుతుందని చెబుతారు. అక్కడ కూడా జనం చాలాసార్లు జారడం మొదలయ్యాకే ఆయిల్ మార్పిస్తారు, తరవాత తప్పు కొత్త ఆయిల్ మీద వేస్తారు. అది వేరే కథ. మన మాన్యువల్ బండిలో క్లచ్ ప్లేటు గేర్ బాక్సు బయట, పొడిగా ఉంటుంది. లోపల ఉన్నవి పళ్లచక్రాలు, బేరింగులు, సింక్రో రింగులు (గేరు పడేముందు చక్రాల వేగాలను కలిపే రింగులు). పళ్లలో పళ్లు ఇరుక్కున్నాక ఏ ఆయిల్ పోసినా జారడానికేముంది?

పైగా ఇంజిన్‌కైనా ఫిల్టరుంది, గేర్ బాక్సుకి అదీ లేదు. అరిగిన ఉక్కు పొడి అంతా అందులోనే తిరగాలి, మహా అయితే డ్రైన్ నట్టుకున్న అయస్కాంతానికి అంటుకోవాలి. పదిహేనేళ్లుగా.

మిషిగన్_మూర్తి
రాజు గారి మాటే నాదీ. నేనిక్కడ పాత హోండా మాన్యువల్ నడుపుతాను. ఒక విషయం చేర్చాలి: ఏ ఆయిల్ పోయాలో బండి పుస్తకం చెప్పాలి గానీ షాపువాడు కాదు. 90ల నాటి హోండాల మాన్యువల్ గేర్ బాక్సులో ఇంజిన్ ఆయిలే పోయమని కంపెనీయే రాసింది! తరవాత దానికి ప్రత్యేకంగా వేరే ద్రవం తెచ్చారు. అలాంటి బాక్సులో చిక్కటి "నైంటీ" (90 నంబరు గేర్ ఆయిల్) పోస్తే చలికాలం పొద్దున గేరు కర్ర కదలదు.

కారంపొడి
మూర్తి గారూ, ఇంజిన్ ఆయిల్ అంటే పల్చనిది కదా, 10డబ్ల్యూ-30 ఎక్కడ, 90 ఎక్కడ?

మిషిగన్_మూర్తి
ఆ రెండు కొలతలూ వేరండీ. గేర్ ఆయిల్ 90 వేడి మీద దాదాపు ఇంజిన్ ఆయిల్ 40–50 అంత చిక్కగా ఉంటుంది. అంకె పెద్దదని భయపడక్కర్లేదు, అలాగని ఒకటే అనుకోనూ కూడదు.

గేర్లరాజు_ఆటోనగర్
అసలు గొడవ చిక్కదనం కంటే జీఎల్-4, జీఎల్-5 దగ్గర. ఇవి ఆయిల్‌లో కలిపే మందులను బట్టి పెట్టిన గ్రేడులు. డబ్బా మీద 75డబ్ల్యూ-90 అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, పక్కన ఈ జీఎల్ సంగతి చిన్నగా ఉంటుంది. జీఎల్-5లో గంధకం, భాస్వరం మందులు ఎక్కువ. అది వెనక ఇరుసులోని క్రౌన్-పినియన్‌కి (చక్రాలకు తిప్పుడు అందించే పళ్లచక్రాల జతకి) చేసింది. అంబాసిడర్, ఓమ్ని లాంటి వెనక చక్రాలు లాగే బండ్లకు ఇరుసు విడిగా ఉంటుంది, దానికి జీఎల్-5 సరిగ్గా సరిపోతుంది. ముందు చక్రాలు లాగే చిన్న కార్లలో డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ తిప్పుడు పంచే భాగం) కూడా గేర్ బాక్సులోనే ఉంటుంది గానీ ఇంజిన్ అడ్డంగా పెట్టినవాటిలో దాని పళ్లు మామూలు వాలు పళ్లే, కాబట్టి ఎక్కువ బండ్లకు జీఎల్-4 చాలు. జీఎల్-5 పోస్తే ఇత్తడి సింక్రో రింగులను ఆ గంధకం తినొచ్చు. తినకపోయినా, రింగు పట్టుకోవాల్సిన చోట ఆయిల్ మరీ నున్నగా ఉంటే గేరు మార్చేటప్పుడు కర్రుమంటుంది.

కారంపొడి
ఇప్పటి జీఎల్-5 డబ్బాలు ఇత్తడిని ఏమీ చేయవని రాస్తున్నారుగా. రాగి పట్టీ పరీక్ష పాసైనవే అమ్ముతున్నారు.

గేర్లరాజు_ఆటోనగర్
తుప్పు విషయంలో ఒప్పుకుంటా, ఇప్పటివి చాలా మెరుగు. ఆ పరీక్ష తుప్పు గురించే, సింక్రో పట్టు గురించి కాదు. జీఎల్-5 కూడా సరిపోతుందని బండి పుస్తకంలో రాసుంటే పోయండి, రాసి లేకపోతే పోయొద్దు. నేను దీని మీద వాదన పెంచను.

కరీంనగర్_కాకా
చూసిన్రా? గ్రేడు తప్పు పోస్తే బాక్సు పోతది, తక్కువ పోస్తే పోతది, మరలు పోతే పోతది. నేనూ అదే అంటున్న. ఆయిల్ మంచిదే గావచ్చు, మార్చెటోడు మంచోడని ఏం గ్యారంటీ? మా దోస్తుకు షెడ్డోడు ఎంత పోసిండో ఎవడు చూసిండు? ముట్టకుంటే కనీసం ఉన్నదన్నా ఉంటది.

బెజవాడ_బులుగు
ఉన్నది ఉంటుందన్న నమ్మకమే లేదు కాకా. గేర్ బాక్సు నుంచి చక్రానికి పోయే డ్రైవ్ షాఫ్ట్ సీలు దగ్గర ఏళ్ల తరబడి చెమ్మ కారుతుంటే లోపల ఎంత మిగిలిందో విప్పి చూస్తే గాని తెలియదు. చాలా బాక్సుల్లో ఐదో గేరు ఒక చివరన ఉంటుంది, ఆయిల్ తగ్గితే ముందు ఎండేది అదే. మా సింగ్‌నగర్ వైపు 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఎన్ని కార్లు మునిగాయో అందరికీ తెలుసు. చాలామంది ఇంజిన్ ఆయిల్ మార్పించి బండి ఎక్కేశారు. గేర్ బాక్సుకీ గాలి పోయే చిన్న గొట్టం ఉంటుంది, దాంట్లోంచి నీళ్లు లోపలికి పోతాయని ఎవరికీ తట్టలేదు. మా చిన్నాన్న బండిలో నట్టు విప్పితే పాలు కలిపిన టీ లాంటిది కారింది. మునిగిన బండి కొన్నవాళ్లు ఈ చర్చంతా చదవక్కర్లేదు, ముందు మార్పించండి.

పాతబండి_నెల్లూరు
మా బండి మునగలేదు లెండి. మార్చాలనే అనిపిస్తోంది. కాకా భయం కూడా తీసిపారేసేది కాదు. ఏం చూసుకోవాలి? షెడ్డులో పక్కనే నిలబడతాను. డీజిల్ పోసి లోపల కడిగిస్తామంటున్నారు, అది మంచిదేనా?

గేర్లరాజు_ఆటోనగర్
డీజిల్ వద్దే వద్దు. మూలల్లో మిగిలి కొత్త ఆయిల్‌ని పల్చన చేస్తుంది.

అన్నిటికంటే ముందు, పైన ఆయిల్ పోసే నట్టు విప్పించండి. అది వచ్చాకే కింద నట్టు మీద చెయ్యి వేయాలి. ఇది తిరగేస్తే పాత ఆయిల్ నేల మీద, పైనుంచి పోసే దారి మూసుకుని ఉంటుంది, బండి షెడ్డులోనే కాపురం. పోసే నట్టు రాకపోతే అక్కడితో ఆపేసి ఇంటికి వచ్చేయండి, నష్టమేమీ లేదు. కాకా చెప్పిన మరల భయానికి మందు అదే. బండి కాస్త తిరిగి వెచ్చగా ఉన్నప్పుడు తీస్తే ఆయిల్ బాగా కారుతుంది. అయస్కాంతం మీద బూడిదరంగు ముద్ద ఉంటే అది మామూలు అరుగుదల. గోరంత ముక్కలు, పంటి విరుపులు కనిపిస్తే వేరే కథ. ఇత్తడి మాత్రం అయస్కాంతానికి అంటదు, కారిన ఆయిల్‌ని ఎండలో పెట్టి చూడండి. బంగారు రజను మెరిస్తే సింక్రో రింగులు అరుగుతున్నట్టు. వాషర్లు కొత్తవి వేయించండి. బండి సమంగా ఉండాలి, పోసే రంధ్రం అంచుదాకా వచ్చి కారడం మొదలైనప్పుడు ఆపాలి. ముందు భాగం ఎత్తిన బండికి నింపితే లెక్క తప్పుతుంది.

పాత ఆయిల్ కాలవలో పోయనివ్వకండి. ఎలాగూ సెంట్రింగ్ చెక్కలకు పూయడానికి ఆ పనివాళ్లు పట్టుకెళ్తారు.

కరీంనగర్_కాకా
పోసే నట్టు ముందు ఇప్పాలన్నది నాక్కూడ నచ్చింది. అయినా రెండో గేరు సంగతి ఏమాయె? ఆయిల్ మార్చంగనే మంచిగయితదా?

గేర్లరాజు_ఆటోనగర్
చల్లగా ఉన్నప్పుడే మొరాయించి, వేడెక్కాక సాఫీగా పడుతోందంటే ఆయిల్‌తో చాలావరకు కుదుటపడొచ్చు. వేడెక్కాక కూడా కర్రుమంటే సింక్రో అరిగినట్టే, ఆయిల్ దాన్ని తిరిగి మొలిపించదు. అన్ని గేర్లూ బరువుగా ఉంటే ముందు క్లచ్ కేబుల్ చూడండి, చాలామందికి అక్కడితోనే తీరిపోతుంది. న్యూట్రల్‌లో వుయ్యిమని, క్లచ్ నొక్కితే ఆగిపోయే శబ్దం ఉంటే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగు అరిగినట్టు, అది ఆయిల్ మార్చితే బాగయ్యేది కాదు. మీరు పుస్తకంలో గ్రేడు ఏముందో ఇక్కడ రాయండి, డబ్బా కొనేముందు చూసి చెబుతాను.

పాతబండి_నెల్లూరు
పుస్తకంలో 75డబ్ల్యూ-80, జీఎల్-4 అని ఉంది. మా ఊళ్లో షాపులన్నిట్లో 80డబ్ల్యూ-90 జీఎల్-5 ఒక్కటే ఉంది. దీనికేం చేయమంటారు?

గేర్లరాజు_ఆటోనగర్
ఆగండి. ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. ఇన్నేళ్లు ఆగిన బండి ఇంకో వారం ఆగుతుంది.