కుమారజీవుడు చనిపోయింది 409లోనా, 413లోనా?

బౌద్ధ గ్రంథాలను చైనీస్‌లోకి అనువదించిన భిక్షువు కుమారజీవుడి మీద వ్యాసం రాస్తూ మరణ సంవత్సరం దగ్గర ఆగిపోయాను. హుయిజియావో రాసిన భిక్షువుల చరిత్ర 409, ఎనిమిదో నెల అంటుంది; వేరే లెక్కలూ ఉన్నాయని అదే చెబుతుంది. శిష్యుడు సెంగ్‌జావో పేరుతో ఉన్న నివాళిలో మాత్రం 413, నాలుగో నెల, వయసు 70. విజ్ఞానసర్వస్వాలు తిరగేశాను. ఒకదాంట్లో ఇది, ఇంకోదాంట్లో అది, కారణం మాత్రం ఎక్కడా లేదు.

చైనా నగరం చాంగాన్‌లో ఆయన చేసిన సత్యసిద్ధి శాస్త్రం అనే బౌద్ధ గ్రంథ అనువాదం 411లో మొదలై 412లో ముగిసిందని ఆ గ్రంథం వెనుకమాట చెబుతోంది. అది నిజమైతే 409 ఎలా కుదురుతుంది? పోనీ 413 వేద్దామంటే, ఆ నివాళి సెంగ్‌జావోది కాదేమోనని కొందరు పండితుల అనుమానం. నాగార్జునుడి మూలమధ్యమక కారికలను చైనీయులకు అందించింది ఈయనే కాబట్టి, మనవాళ్లలో ఈ లెక్క చూసినవారు ఉండే ఉంటారు.

నివాళిని పక్కన పెట్టినా, 411-412 వెనుకమాట ఒక్కటే 409ని కొట్టేయడానికి సరిపోతుందా?