జాడ తెలియని ఓడ మునిగిపోయిందని ఎవరు, ఎప్పుడు తేల్చేవారు?

తీరరేఖ:

అందరికీ నమస్కారం. పంతొమ్మిదో శతాబ్దం చివరి ముప్పై ఏళ్లలో సముద్రంలో పోయిన ఓడల గురించి కొంతకాలంగా చదువుతున్నాను. రాళ్లకు తగిలి పగిలినవి, మరో ఓడను ఢీకొన్నవి, నిప్పంటుకున్నవి ఒక రకం. వాటి సంగతి చెప్పడానికి ఎవరో ఒకరు మిగిలారు. 1874లో వలసదారులతో న్యూజిలాండుకు బయలుదేరి, ఆఫ్రికా దక్షిణాన ఉన్న గుడ్ హోప్ అగ్రానికి నైరుతి దిక్కున నడిసముద్రంలో కాలిపోయిన కాస్పాట్రిక్ ఓడలో నాలుగు వందల డెబ్బై మందికి పైగా ఉంటే చివరకు మిగిలినవారు ముగ్గురే. అయినా ఆ ముగ్గురి వాంగ్మూలం వల్లనే ఆ రాత్రి ఏం జరిగిందో మనకు తెలుసు.

నాకు అంతుపట్టనిది రెండో రకం. రేవు వదిలిన ఓడ మరే రేవుకూ చేరదు, ఒక్క మనిషీ తిరిగి రాడు, చాలాసార్లు ఒక చెక్కముక్క కూడా దొరకదు. వైర్‌లెస్ లేని ఆ రోజుల్లో అది ఆలస్యమైందో, మునిగిపోయిందో ఒడ్డున ఉన్నవారు ఎలా నిర్ణయించేవారు? ఎన్నాళ్లు ఎదురుచూసేవారు? ఇక రాదన్న మాట ఎవరి నోట వెలువడేది? నావికుడి భార్యకు అతని జీతం ఏ తేదీ వరకు లెక్కగట్టి ఇచ్చేవారు? తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.

పాతదస్త్రం:

తీరరేఖ గారూ, మీరు చివర అడిగిన జీతం సంగతే అన్నిటికన్నా కీలకమైనది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. బ్రిటిష్ ఓడల నావికుల జీతాల వసూలు విషయంలో 1894 నాటి వర్తక నౌకల చట్టం ఒక నియమం పెట్టింది. ఓడ రేవు వదిలి పన్నెండు నెలలు దాటినా, ఆ పన్నెండు నెలల్లో దాని కబురు ఎక్కడా తెలియకపోతే, అందులో ఉన్నవారందరితో సహా అది పోయినట్లే భావించాలి. ఏ రోజున పోయినట్లు? చివరిసారిగా దాని కబురు తెలిసిన వెంటనే, లేదా ఆ తరువాత కోర్టుకు సబబుగా తోచిన మరొక రోజున.

చదవడానికి ఇది మామూలు చట్టపు వాక్యమే. కానీ ఓడ పోయిన రోజుతో నావికుడి జీతం కూడా ఆగిపోతుందన్న సంగతిని దీనితో కలిపి చూడండి. రేవు దాటేదాకా దారి చూపే పైలట్ ఓడ దిగిపోయాక ఆ ఓడను మరెవరూ చూడలేదనుకుందాం. ఏడాది పొడవునా గుమ్మంలో కూర్చుని ఎదురుచూసిన ఇల్లాలికి, కోర్టు దయతలచి మరో తేదీ వేయకపోతే, చేతికి వచ్చేది బయలుదేరిన తొలి రోజుల కూలి మాత్రమే. ఆమె ఎదురుచూసిన నెలలు ఏ లెక్కలోకీ రావు. ఆ నెలల్లో ఆమె భార్యో, వితంతువో చెప్పగలిగినవారు కూడా లేరు.

బీమా వ్యాపారుల లెక్క మరో విధంగా నడిచేది. లండన్‌లో ఓడల బీమా వ్యాపారులు కలిసే లాయిడ్స్ సంస్థలో, రావలసిన రోజు బాగా దాటిన ఓడను ముందుగా ఆలస్యమైనదిగా పరిగణించేవారు. దానిపై బీమా రాసినవారు తమ నష్టభయాన్ని కొంత ధర చెల్లించి మరొకరి నెత్తిన పెట్టేవారు. దీనినే పునర్బీమా అంటారు. రోజులు గడిచేకొద్దీ, అదే దారిలో వెనుక బయలుదేరిన ఓడలు ఒక్కొక్కటే గమ్యం చేరేకొద్దీ, ఆ ధర పెరుగుతూ పోయేది. ఎవరూ నోరు తెరిచి చెప్పకపోయినా, ఓడ బతికి ఉండే అవకాశం ఎంతో ఆ ధరే చెప్పేది. చివరకు లాయిడ్స్ కమిటీ ఆ ఓడను ‘గల్లంతు’గా ప్రకటించేది, ఆ ప్రకటనతో బీమా సొమ్ము పూర్తి నష్టం కింద చెల్లేది. ఇలా ప్రకటించిన ఓడల కోసం 1873 నుంచి అక్కడ ప్రత్యేకంగా పుస్తకాలు నిర్వహించారు.

అక్కడి ల్యూటీన్ గంట గురించి వినే ఉంటారు. 1799లో మునిగిన ల్యూటీన్ అనే యుద్ధనౌకది ఆ గంట; 1858లో సముద్రం అడుగు నుంచి పైకి తీశారు. ఓడ పోయిందన్న కబురు వస్తే ఒకసారి, ఆలస్యమైన ఓడ క్షేమంగా ఉందని తెలిస్తే రెండుసార్లు దానిని మోగించేవారు. హాలులో ఉన్న అందరికీ ఒకే క్షణంలో కబురు తెలియాలనీ, ముందుగా తెలిసినవాడు తెలియనివాడికి తన పునర్బీమా భారాన్ని అంటగట్టకూడదనీ దీని ఉద్దేశం.

చుక్కాని:

పాతదస్త్రం గారు చెప్పినదానికి ఒక మాట చేర్చాలి. ఇంతకాలం ఆగడం చట్టం కాఠిన్యం వల్లనో, బీమా వారి పిసినారితనం వల్లనో మాత్రమే కాదు, పోయిందనుకున్న ఓడ మనుషులు నిజంగానే తిరిగి వచ్చిన సందర్భాలు ఉన్నాయి.

1889 ఏప్రిల్‌లో డాన్మార్క్ అనే డెన్మార్క్ ఆవిరి ఓడ వలసదారులతో న్యూయార్క్ వెళ్తూ అట్లాంటిక్ మధ్యలో దెబ్బతిన్నది. ప్రొపెల్లరును తిప్పే ఇరుసు విరిగి ఓడ అడుగును చీల్చింది, నీరు లోపలికి రాసాగింది. కొన్ని రోజుల తరువాత సిటీ ఆఫ్ చెస్టర్ అనే మరో ఓడ అటుగా వెళ్తూ, మనుషులెవరూ లేకుండా నీటిలో కూరుకుపోతూ తేలుతున్న డాన్మార్క్‌ను చూసి, ఒడ్డుకు చేరగానే ఆ సంగతి చెప్పింది. ఏడు వందల మందికి పైగా పోయారని రెండు ఖండాలూ నమ్మాయి. కళ్లారా చూసిన సాక్ష్యం ఉంది కనుక ఎవరైనా అలాగే నమ్ముతారు.

అయితే ఆ ప్రయాణికులు బతికే ఉన్నారు. మిస్సూరీ అనే సరుకు ఓడ అంతకుముందే డాన్మార్క్‌ను కలిసింది. దాని కెప్టెను హామిల్టన్ మరెల్ మొదట తాడు కట్టి లాగి చూశాడు. లాభం లేదని తేలాక తన ఓడలోని సరుకును సముద్రంలో పారవేయించి, ఖాళీ అయిన చోటులో 735 మందిని ఎక్కించుకున్నాడు. వారిని అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవులకు చేర్చాడు కానీ, ఆ దీవులకు అప్పటికి తంతితీగ లేదు. అక్కడ వందల మంది క్షేమంగా నేల మీద తిరుగుతున్నా, మరో ఓడ కబురు మోసుకుపోయేదాకా వారి ఇళ్లలో ఏడుపులు ఆగలేదు. ఇలాంటి ఉదంతం ఒక్కటి ఉన్నా చాలు, మిగిలిన ప్రతి గల్లంతు ఓడ విషయంలోనూ ఆశ చావదు. ఆ ఆశ మేలు చేసిందో, కీడు చేసిందో నేను చెప్పలేను.

సరుకుగది:

ఎప్పుడు తేల్చేవారన్నది పై ఇద్దరూ చెప్పారు. ఎందుకు పోయేవన్నది కూడా కొంత చెప్పుకోవాలి, ఎందుకంటే జాడ లేకుండా పోవడమనేది అన్నిసార్లూ తుపాను పని కాదు. చాలాసార్లు ప్రమాదం ఓడతో పాటే రేవులో బయలుదేరేది.

ధాన్యాన్ని తీసుకోండి. సంచులలో కట్టకుండా ఓడ సరుకు గదిలో పోసిన గింజలు నీటిలాగే ప్రవర్తిస్తాయి. ప్రయాణంలో అవి సర్దుకుని కుదించుకుపోతాయి, పైన ఖాళీ ఏర్పడుతుంది. పెద్ద అల కొట్టి ఓడ ఒక పక్కకు ఒరిగినప్పుడు గింజలన్నీ ఆ పక్కకే జారతాయి. అల దాటిపోయినా గింజలు వెనక్కు రావు. ఒరిగిన ఓడ ఒరిగినట్లే ఉండిపోతుంది, తరువాతి అల దానిని పూర్తిగా తిరగవేస్తుంది. దీనిని ఆపడానికి గదికి నిలువునా అడ్డుపలకలు బిగించి, పై వరుసలలో సంచులు పేర్చేవారు. పలకలకు ఖర్చవుతుంది, సంచులకు కూలీ పడుతుంది, కనుక అన్ని ఓడల్లోనూ ఆ పని సరిగా జరగలేదు. బొగ్గుది ఇంకో తీరు. నెలల తరబడి చీకటి గదిలో మూసిపెట్టిన బొగ్గు తనంతట తానే వేడెక్కి రాజుకుంటుంది. ఈ కారణంగా పోతున్న ఓడల సంఖ్య చూసి 1875లో బ్రిటన్ ప్రత్యేకంగా ఒక రాయల్ కమిషన్‌ను, అంటే విచారణ సంఘాన్ని, నియమించింది.

ఇక మోయలేనంత సరుకు ఎక్కించడం గురించి బ్రిటిష్ ఎంపీ శామ్యూల్ ప్లిమ్సాల్ పార్లమెంటులో చేసిన పోరాటం తెలిసిందే. దాని ఫలితంగా 1876 చట్టం సరుకు ఎక్కాక ఓడ నీటిలో ఎంతవరకు మునగవచ్చో చూపే ఒక గీతను దాని పక్కన గీయాలన్నది, కానీ ఎక్కడ గీయాలో నిర్ణయించే హక్కును ఓడ యజమానికే వదిలేసింది! ఒక కెప్టెను ఆ గీతను పొగగొట్టం మీద గీయించాడని ఆ కాలంలో ఒక ఎగతాళి కథ చెప్పుకొనేవారు. గీత స్థానాన్ని చట్టమే నిర్ణయించడానికి 1890 దాకా ఆగవలసి వచ్చింది.

బ్రిటిష్ నౌకాదళానికీ ఈ గతి తప్పలేదు. శిక్షణ ఓడగా వాడుతున్న యూరిడైస్ 1878 మార్చి 24న ఇంగ్లాండు దక్షిణ తీరంలోని వైట్ దీవి దగ్గర హఠాత్తుగా వచ్చిన మంచుగాలికి తెరచాపలతో సహా తిరగబడింది. మూడు వందల మందికి పైగా పోయి, ఇద్దరు మిగిలారు. రెండేళ్లు తిరగకుండానే అదే పనికి వాడుతున్న అటలాంటా 1880 జనవరి 31న బెర్ముడా వదిలి, 281 మందితో ఇక ఎక్కడా కనిపించలేదు. ఆ ఇద్దరు బతకడం వల్ల యూరిడైస్‌కు కారణం ఉంది, అటలాంటాకు ఊహలే ఉన్నాయి. రెండూ ఒకే విధంగా పోయి ఉంటాయని నా అనుమానం, అంతకుమించి అనను.

తీరరేఖ:

ఇంత వివరంగా రాసినందుకు ముగ్గురికీ కృతజ్ఞతలు. జీతం సంగతి చదివాక కాసేపు ఏమీ తోచలేదు. మరొక సందేహం. మునిగిపోతున్న ఓడ నుంచి సీసాలో లేఖ పెట్టి విసిరేవారని విన్నాను. విచారణలలో వాటిని సాక్ష్యంగా తీసుకునేవారా? అలాగే మేరీ సెలెస్ట్‌ను కూడా గల్లంతైన ఓడల కిందే లెక్కించాలా?

పాతదస్త్రం:

మేరీ సెలెస్ట్ దీనికి తలకిందుల కథ. 1872 డిసెంబరులో ఆ ఓడ చక్కగా దొరికింది. అందులో ఉండవలసిన పది మందే దొరకలేదు. కనుక దానిని ఈ చర్చలో కలపకపోవడమే మంచిది.

సీసాల విషయానికి వస్తే నరోనిక్‌ను మించిన ఉదాహరణ లేదు. వైట్ స్టార్ కంపెనీ పశువుల రవాణాకు కట్టించిన ఈ కొత్త ఆవిరి ఓడ 1893 ఫిబ్రవరి 11న 74 మందితో లివర్‌పూల్ నుంచి న్యూయార్క్ బయలుదేరింది. ఇంజన్ చెడి నెమ్మదిగా వస్తోందేమోనని మొదట అనుకున్నారు. మార్చి 4న కావెంట్రీ అనే ఓడకు నరోనిక్ పేరున్న రెండు ఖాళీ ప్రాణరక్షక పడవలు కనిపించాయి. మొదటిది తెల్లవారుజామున రెండు గంటలకు, బోర్లా పడి ఉంది. పడవలు దించే వ్యవధి దొరికిందని వాటివల్ల తెలిసింది, వాటిలో ఎక్కినవారు ఏమయ్యారన్నది తెలియలేదు.

ఆ తరువాత సీసాలు రావడం మొదలైంది. రెండు అమెరికా తీరంలోనూ, మరి రెండు ఇంగ్లాండు వైపు జలాల్లోనూ, మొత్తం నాలుగు దొరికాయి. ఒకదానిలో మంచు తుపానులో మంచుకొండను ఢీకొన్నామని ఉంది. కానీ లేఖల కింద ఉన్న సంతకాలను ఓడ సిబ్బంది పట్టికతో పోల్చి చూస్తే ఆ పేర్లు గలవారు ఓడలో లేరు. విచారణ జరిపినవారు వాటిని నమ్మదగినవిగా తీసుకోలేదు. డెబ్బై నాలుగు కుటుంబాలు కబురు కోసం కళ్లలో వత్తులు వేసుకుని చూస్తున్నప్పుడు, ఎవరో తీరికగా కూర్చుని ఆ లేఖలు రాసి సీసాలకు బిరడాలు బిగించి ఉంటారన్న ఆలోచనే నాకు ఓడ మునగడం కన్నా భయంకరంగా తోస్తుంది.

పడమటిగాలి:

ఆలస్యంగా చూశాను. నరోనిక్ సిబ్బంది పట్టిక ఒడ్డున ఉంది కనుక సంతకాలు పోల్చగలిగారు. ప్రయాణికుల ఓడల్లో అదీ కుదరలేదు. 1885లో కట్టిన వైతరణ అనే ఆవిరి ఓడ 1888 నవంబరు 8న కచ్ఛ్‌లోని మాండ్వి రేవు నుంచి బొంబాయికి బయలుదేరి సౌరాష్ట్ర తీరం దగ్గర తుపానులో మాయమైంది. విద్యుద్దీపాలు ఉన్న ఓడ కావడంతో జనం దానిని ముద్దుగా విజ్లీ అని పిలిచేవారు. ఏడు వందల మందికి పైగా పోయారు. శవాలు గానీ శకలాలు గానీ దొరకలేదు. తరువాత జరిగిన విచారణలో ఓడలో ప్రాణరక్షక సామగ్రి చాలినంత లేదని తేలింది. గుజరాతీ జానపద గీతాలలో ఆ ఓడ ఇప్పటికీ ఉంది, అయితే పాటల్లో మృతుల సంఖ్య ఇంకా పెద్దది.

1898 నవంబరు 26న బోస్టన్ నుంచి బయలుదేరి తుపానులో పోయిన పోర్ట్‌లాండ్ అనే ప్రయాణికుల ఆవిరి ఓడ శకలాన్ని 1989లో కనుగొన్నారు, 2002లో అదేనని నిర్ధారించారు. ఓడ ఎక్కడ పడి ఉందో ఇప్పుడు తెలుసు, ఎంతమంది పోయారో మాత్రం సుమారుగానే చెబుతారు. ప్రయాణికుల జాబితాకు ఒకే ప్రతి ఉండేది, అది కూడా ఓడలోనే ఉంది.