డయల్‌అప్ సర్వర్‌లో అందరినీ వీ.34కి (పాత, నెమ్మదైన మోడెమ్ ప్రమాణానికి) దించేయాలా?

తీగజత: మన సర్వర్ సిస్కో ఏఎస్5300, అందులో మైకా మోడెములు, పీఆర్‌ఐ (ఒకేసారి చాలా కాల్స్ మోసే డిజిటల్) లైన్లు. వీ.90లో (వేగమైన 56కె ప్రమాణంలో) సెకనుకు 44,000 బిట్ల దగ్గర కలిసిన కాల్స్ మధ్యలో తెగుతున్నాయి. మోడెమ్‌క్యాప్ (మోడెములకిచ్చే సెట్టింగుల వరుస) మార్చి పూల్ మొత్తాన్నీ (మోడెములన్నిటినీ) వీ.34కి దించేయడమే మేలంటాను. 31,200 దగ్గరైనా లైను నిలబడుతుంది.

ర్యాక్‌గది: ఎవరి లైను? ఒక మెగాబైటు దిగడానికి 44,000 మీద 190 సెకన్లు, 31,200 మీద 270. రీట్రెయిన్‌కు (లైను పాడైనప్పుడు మోడెములు మళ్లీ సర్దుకోవడానికి) 15 సెకన్లు పోతాయనుకున్నా, ఆ ఒక్క ఫైలులో ఐదుసార్లు దాటితేనే మీ పద్ధతి గెలుస్తుంది. మంచి లైనున్న వాళ్లకు ఎందుకీ శిక్ష? ముందు కొలవండి. ‘మోడెమ్ కాల్-రికార్డ్ టెర్స్’ ఆన్ చేసి సిస్‌లాగ్‌కు (లాగ్ సర్వర్‌కు) పంపండి. కాల్ ముగియగానే మొదటి వేగం, చివరి వేగం, ఎస్ఎన్ఆర్ (సిగ్నల్‌కూ రొదకూ నిష్పత్తి), రీట్రెయిన్‌ల సంఖ్య, తెగిన కారణం ఒకే చోట వస్తాయి. కస్టమర్ చెప్పే 115200ను పట్టించుకోకండి, అది సీరియల్ పోర్టు (కంప్యూటరుకూ మోడెముకూ మధ్య) వేగం. వాళ్ల మోడెముకు ఏటీడబ్ల్యూ2 ఆదేశం పెట్టిస్తే లైను వేగం కనబడుతుంది.

తీగజత: కాల్ తెగితే మళ్లీ డయల్, మళ్లీ హ్యాండ్‌షేక్, మళ్లీ కాల్ ఛార్జీ. అది మీ లెక్కలో లేదు. పెయిర్‌గెయిన్ పెట్టెలున్న (ఒకే జత తీగల మీద ఒకటికి మించి ఫోన్లు నడిపే) కాలనీల్లో వీ.90 ఎలాగూ రాదు.

ర్యాక్‌గది: ఛార్జీ మాట ఒప్పుకుంటాను. పెయిర్‌గెయిన్ మాట మాత్రం మీ వాదనకే ఎదురు తిరుగుతుంది. దారిలో రెండో అనలాగ్ మార్పిడి ఉంటే ట్రెయినింగ్‌లోనే (కాల్ కలిసేటప్పటి సర్దుబాటులోనే) మోడెములు వీ.34కి దిగిపోతాయి. మనల్ని ఏడిపించేవి అటూఇటూ కాని లైన్లు: వీ.90లో కలుస్తాయి, నిలవవు.

పోర్ట్‌వేర్: క్యాప్ కంటే ముందు రెండు పనులున్నాయి. మైకా మోడెముల లోపలి సాఫ్ట్‌వేర్ (దాన్నే పోర్ట్‌వేర్ అంటారు) కొత్తది వేయండి, చవక సాఫ్ట్‌మోడెములతో (పనిని కంప్యూటర్ మీద వేసే మోడెములతో) పేచీలు చాలావరకు అక్కడే తీరతాయి. ఎస్40 సెట్టింగును (వరుసగా ఎన్ని రీట్రెయిన్‌ల దాకా ఓర్చుకోవాలో చెప్పేది) 10 చేయండి, రీట్రెయిన్‌లు కుదరకపోయినా తొందరపడి లైను వదలదు. అప్పటికీ తెగుతుంటే ‘మోడెమ్-పూల్’ ఆదేశంతో మోడెములను రెండు గుంపులుగా విడదీసి, కాల్డ్-నంబర్‌ను (కస్టమర్ డయల్ చేసిన నంబరును) బట్టి ఒకటి వీ.90కి, ఒకటి వీ.34కి ఇవ్వండి. క్యాప్ మార్చినా నడుస్తున్న కాల్‌కు అంటదు. లైను ఖాళీ అయ్యాకే పడుతుంది. ఇది మరిచి ‘పనిచేయలేదు’ అనుకునేవాళ్లే ఎక్కువ. ఒక్కరిదే బాధైతే వాళ్ల మోడెమ్‌లోనే ఏటీ+ఎంఎస్=వీ34 ఆదేశం చాలు.

తీగజత: రెండు నంబర్లు బాగానే ఉంది. కానీ కొత్త కస్టమర్ చేతికిచ్చే కాగితం మీద ఏ నంబరు వేస్తాం? నేనైతే వీ.34దే.

ర్యాక్‌గది: వీ.90దే. తెగినవాళ్లు రికార్డులో దొరుకుతారు, వాళ్లకు మనమే ఫోన్ చేసి నంబరు మార్పించవచ్చు. నెమ్మదిగా నడిచేవాళ్లు ఏ రికార్డులోనూ ఫిర్యాదుగా కనబడరు.