“నా తదనంతరం”: దస్తావేజులో ఈ మాట దేనికి అంటుకుంటుంది?

అడిగినవారు:
“పై షెడ్యూలు ఆస్తిని నా యావజ్జీవం నేను అనుభవించి, నా తదనంతరం నీవు దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో అనుభవించవలెను.” ఇది ఒక పాత కాగితంలోని వాక్యం. పైన ‘సెటిల్మెంటు దస్తావేజు’ అని ఉంది గానీ, చదివితే వీలునామాలా ఉంది. ఏదనుకోవాలి? అసలు ‘నా తదనంతరం’ అనవచ్చా?

తెలుగు మాస్టారు:
తత్ + అనంతరం, అంటే ‘దాని తరవాత’. ముందు ‘నా’ పెడితే విడదీసినప్పుడు అతకదు. ‘నా అనంతరం’ అంటే సరిపోతుంది. అయితే లేఖర్ల కలంలో రూఢి అయిపోయిన మాట, ఇప్పుడు తప్పుపట్టి లాభం లేదు. నన్ను భయపెట్టేది వేరే జంట: జీవితాంతం, జీవితానంతరం. మొదటిది బతికున్నన్నాళ్ళు, రెండోది పోయాక. టైపులో రెండక్షరాలు ఎక్కువ పడితే “నా జీవితానంతరం నేను అనుభవించి” అవుతుంది. పోయాక అనుభవించేదేముంటుంది? ‘నేను బ్రతికియున్నంత కాలం’, ‘నేను మరణించిన పిమ్మట’ అని రాస్తే ఏ టైపిస్టూ పాడుచేయలేడు.

వకీలు:
మాస్టారూ, కోర్టులో కూడా చివరికి తేలేది వ్యాకరణమే. శీర్షికలో ఏముందో ఒక్కటే చూసి తీర్పు చెప్పరు. హక్కు ఏ రోజు చేతులు మారిందో చూస్తారు.

“ఈ దినమే నీకు దఖలు పరచితిని, నా యావజ్జీవం ఫలసాయం నేను అనుభవించెదను” అంటే హక్కు ఇవాళే వెళ్ళిపోయింది, అనుభవం మాత్రం ఆగింది. ఇది సెటిల్మెంటు. “నా తదనంతరం నీకు చెందగలదు” అంటే ఇవాళ ఏదీ కదల్లేదు. ఇది వీలునామా. అంటే ‘తదనంతరం’ అనుభవానికి అంటుకుందా, హక్కుకు అంటుకుందా అన్నదే ప్రశ్న.

మీరిచ్చిన వాక్యం ఒక్కదానితో తేలదు. దానికి పైన ‘దఖలు పరచితిని’, ‘ఇందుమూలముగా హక్కు కల్పించితిని’ లాంటి భూతకాల క్రియ ఉందేమో వెతకండి. కింద ‘రద్దు చేయు అధికారం నాకు లేదు’ అని ఉంటే సెటిల్మెంటు వైపు మొగ్గుతుంది. ‘నా జీవితకాలంలో మార్చుకొనుటకు హక్కు కలదు’ అని ఉంటే వీలునామా వైపు.

తేడా చిన్నదేం కాదు. వీలునామా అయితే రాసినవారు బతికున్నంతకాలం ఎన్నిసార్లైనా మార్చవచ్చు, ఆస్తి అమ్ముకోవచ్చు, చివరిదే నిలుస్తుంది. సెటిల్మెంటు అయితే తరవాత మనసు మారినా ఒంటిచేత్తో వెనక్కి తీసుకోలేరు. తీసుకున్నవారు ముందే పోతే ఆస్తి వాళ్ళ వారసులకు వెళ్తుంది. కాకపోతే ఇలాంటి సెటిల్మెంటు దానం కిందికే వస్తుంది కనుక 1882 ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 123 ప్రకారం రిజిస్ట్రేషన్, ఇద్దరు సాక్షుల ధ్రువీకరణ తప్పనిసరి. ఇచ్చినవారు బతికుండగానే తీసుకునేవారు అంగీకరించాలి. స్వాధీనం ఇవ్వలేదు కాబట్టి చెల్లదని వాదిస్తుంటారు. ఆ వాదన నిలవదని 2014లో సుప్రీంకోర్టు చెప్పేసింది. ముస్లింల హిబా (దానం) దారి వేరు. అది నోటిమాటగానైనా చెల్లుతుంది కానీ స్వాధీనం ఇవ్వాలి.

అడిగినవారు:
రిజిస్ట్రారు ఆఫీసులో దాన్ని ఎలా తీసుకున్నారో తెలుసుకునే దారి ఉందా?

దస్తావేజు లేఖరి:
రిజిస్ట్రేషన్ ముద్రలో పుస్తకం నంబరు చూడండి. స్థిరాస్తి సెటిల్మెంట్లు 1వ పుస్తకంలో, వీలునామాలు 3వ పుస్తకంలో ఎక్కుతాయి. ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీస్తే 1వ పుస్తకంలోవే కనిపిస్తాయి. ఈసీలో లేదు కాబట్టి వీలునామా లేదని కొనేవాళ్ళు అనుకుంటే మునిగిపోతారు. 3వ పుస్తకం నకలు కూడా రాసినవారు బతికుండగా వారికో, వారి ఏజెంటుకో తప్ప ఇవ్వరు. పోయాక ఎవరడిగినా ఇస్తారు.

వీలునామాకు స్టాంపు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ కూడా ఐచ్ఛికమే, తెల్లకాగితం చాలు. స్టాంపు డ్యూటీ తప్పుతుందని కొందరు సెటిల్మెంటు మనసులో పెట్టుకుని వీలునామా రాయిస్తారు, గొడవలకు పునాది అక్కడే పడుతుంది. ఇంకో సంగతి. చివర ‘దస్తూరి’ అని సంతకం పెట్టే మేము సాక్షులం కాము. వేరుగా ఇద్దరు సాక్షులు ఉండాలి. రాసినవారు సంతకమో నిశానో (వేలిముద్రో) చేస్తుండగా వాళ్ళు చూడాలి, రాసినవారి ఎదుటే తాము సంతకం చేయాలి. రేపు కోర్టులో రుజువుకు కనీసం ఒక సాక్షి రావాలి కనుక రాసినవారికంటే వయసులో చిన్నవాళ్ళను పెట్టుకోండి, తండ్రి పేరు, ఊరు స్పష్టంగా రాయించండి.

మరొక సభ్యురాలు:
“నా భార్య యావజ్జీవం అనుభవించి, ఆమె తదనంతరం నా కుమారులకు చెందవలెను” అని వీలునామాలో ఉంటే, ఆవిడ అమ్ముకోలేరా?

వకీలు:
అమ్మా, అది హిందూ వారసత్వ చట్టం, 1956లోని సెక్షన్ 14 చిక్కు. ఉపసెక్షన్ 2 ప్రకారం కాగితంలో పెట్టిన హద్దు నిలుస్తుంది. కానీ భార్యకు భర్త ఆస్తి నుంచి పోషణ హక్కు ముందునుంచీ ఉంది, దానికి బదులుగా ఇచ్చినదైతే ఉపసెక్షన్ 1 కింద సంపూర్ణ హక్కు అవుతుందని 1977లో తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆంధ్ర నుంచి వెళ్ళిన కేసది. తరవాతి తీర్పులు ఒక్క దారిన నడవలేదు, 2024 డిసెంబరులో విషయాన్ని పెద్ద ధర్మాసనానికి పంపారు. కాబట్టి ఆ భాగాన్ని ‘పోషణ నిమిత్తం’ ఇస్తున్నారా, కాదా అన్నది వాక్యంలో తేల్చి రాయించాలి. ఒకేచోట ‘సర్వహక్కులతో’ అని, తరవాత ‘ఆమె తదనంతరం’ అని రెండూ పెడితే ఇంకా తంటా. పొసగని రెండు నిబంధనలుంటే వీలునామాలో చివరిది నెగ్గుతుంది, సెటిల్మెంటు లాంటి దస్తావేజులో మొదటిది నెగ్గుతుంది.

తెలుగు మాస్టారు:
ముసలివాళ్ళు పిల్లలకు సెటిల్మెంటు రాసి “నన్ను చూచుకొనవలెను” అంటారే, దానికి బలముందా?

వకీలు:
‘వలెను’ అంటే కోరికలా చదువుతారు. 2007 తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం సెక్షన్ 23 కింద ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయాలంటే పోషణ షరతు మీదే ఇచ్చారని కనిపించాలి, అది దస్తావేజులోనే ఉండటం మేలు. “నా తిండి, బట్ట, వైద్యం, నివాసం నీవు చూచు షరతుపై ఈ ఆస్తి ఇచ్చితిని, చూడనిచో ఈ దస్తావేజు చెల్లదు” అని రాయించండి.