కొళాయిలో మొదటి బిందె మురుగు వాసన వస్తోంది, ఎందుకు?

ప్రశ్న:
మాది కర్నూలు పాతబస్తీ. నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. వదిలిన వెంటనే మొదటి బిందె మట్టి రంగులో, కొంచెం మురుగు వాసనతో పడుతోంది, తర్వాత తేటగా వస్తాయి. పోయిన వారం మా చిన్నదానికి మోషన్స్ పట్టుకుని సెలైన్ పెట్టించాల్సి వచ్చింది, అప్పటి నుంచి ఒకటే టెన్షన్. టీడీఎస్ మీటరు కొని చూస్తే 310 చూపించింది. అంటే నీళ్లు మంచివే కదా? లేక నదిలోనే తేడా ఉందా? క్యాన్ నీళ్లకు మారిపోమంటారా?

జవాబు 1:
అక్కా, పాపకు ఇప్పుడెలా ఉంది? ఆ మీటరును నమ్ముకోవద్దు. అది నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చెబుతుంది, అంతే. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదే, కానీ క్రిములు దానికి కనపడవు. మురుగు కలిసినా 310 చూపించొచ్చు.

నేను ఫిల్టర్ బెడ్ల దగ్గర ఎనిమిదేళ్లు పనిచేశాను. వానాకాలం తుంగభద్రకు కొత్తనీళ్లు వస్తే ఎర్రగా చిక్కగా ఉంటాయి. పటిక కలిపితే ఆ బురద ముద్దలు కట్టి అడుక్కి దిగుతుంది, పైన తేరిన నీళ్లను ఇసుకలో వడగట్టి చివర్లో క్లోరిన్ కలుపుతారు, కలిపాక కనీసం అరగంట ఆగాలి. క్రిములు చచ్చాక కూడా క్లోరిన్ కొంచెం మిగలాలి, చివరి ఇంటి కొళాయిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా ఉండాలి. దారిలో ఏదైనా కలిస్తే చూసుకునేది అదే.

మీకు తేడా దారిలోనే వస్తోంది. సప్లై ఆపేశాక పైపులో ఒత్తిడి ఉండదు, ఆ పైపు మురుగుకాలువలో పోతూ ఎక్కడైనా చిల్లు పడి ఉంటే చుట్టూ ఉన్న మురుగు లోపలికి చేరుతుంది. మళ్లీ వదిలినప్పుడు మీ మొదటి బిందెలో పడేది అదే. రోజంతా నీళ్లు నిండి ఉండే లైనులో చిల్లు పడితే నీళ్లు బయటికి కారతాయి గానీ మురుగు లోపలికి రాదు.

జవాబు 2:
అన్న చెప్పింది నిజం. ఇంకోటి, మీ వీధిలో కొళాయికి నేరుగా మోటారు పెట్టి లాగేవాళ్లు ఉన్నారా? మోటారు పీల్చినప్పుడు పక్కింటి పైపు చిల్లులోంచి కూడా మురుగు వస్తుంది. మా సందులో అందరం మాట్లాడుకుని మోటార్లు సంపుకు మార్చుకున్నాం, వాసన చాలా తగ్గింది. సంపు మూత గట్టిగా ఉందో లేదో, లోపల ఎప్పుడు కడిగారో కూడా చూసుకోండి. క్యాన్ నీళ్లంటారా, ప్లాంటులో శుద్ధి చేసినా వాటిలో క్లోరిన్ మిగలదు, క్యాన్ సరిగ్గా కడగకపోతే మళ్లీ పాడవుతాయి. పాప తాగే నీళ్లు మాత్రం తెర్ల కాచి, అదే గిన్నెలో మూత పెట్టి చల్లార్చండి.

ప్రశ్న అడిగినవారు:
పాప బాగుంది అన్నా, ఆడుకుంటోంది. ఈరోజు ప్లంబరును పిలిచి కాలువ మీద బండ ఎత్తి చూస్తే మా ఇంటికొచ్చే ఇనుప పైపు నల్లటి మురుగులో మునిగి ఉంది, తుప్పు పట్టి వేలు దూరేంత చిల్లు. కొత్త పైపు కాలువ పైనుంచి వేయించాం. మా పక్క నాలుగిళ్ల పైపులూ ఆ కాలువలోనే ఉన్నాయి, రేపు వాళ్లను కూడా పిలిచి చూపిస్తాను. క్లోరిన్ చూసుకునే కిట్టు ఇంట్లో వాడటం కష్టమా?

జవాబు 1:
కష్టమేం కాదు. కొళాయి నీళ్లు గొట్టంలో పట్టి ఆ మందు చుక్కలు వేస్తే పసుపు రంగు రావాలి. రంగే రాకపోతే క్లోరిన్ లేనట్టు, అప్పుడు ఆలస్యం చేయకుండా ఫిర్యాదు చేయండి. పైపు మార్చినా మొదటి రెండు బిందెలు మాత్రం కొన్నాళ్లు తాగడానికి పట్టొద్దు, చెట్లకు పోయండి.